అతుకుల బొంత కాకూడదు

సంపాదకుడు గారికి,

ప్రపంచ ఆరోగ్యం చదువులో వైద్యంతో పాటు మానవశాస్త్రం (మనుషుల ఆచారాలు, నమ్మకాల అధ్యయనం), అర్థశాస్త్రం ఎందుకని చాలామంది పెదవి విరుస్తున్నారు. 2014లో పశ్చిమ ఆఫ్రికా దేశాలైన గినియా, లైబీరియా, సియెర్రా లియోన్‌లలో ఏం జరిగిందో చూడండి. శవాన్ని కడిగి, చేత్తో తాకి సాగనంపే ఆచారం వల్ల కూడా ఎబోలా అనే ప్రాణాంతక వైరస్ వ్యాధి పాకింది. నిలువెల్లా కప్పుకున్న బృందాలు వచ్చి శవాన్ని సంచిలో పెట్టి పట్టుకుపోతుంటే, భయపడి రోగుల్ని ఇళ్లలోనే దాచిన కుటుంబాలున్నాయి. మానవశాస్త్రజ్ఞులు, మతపెద్దలు కలిశాక ప్రపంచ ఆరోగ్య సంస్థ ఖనన నిబంధనలు మార్చింది. ప్రార్థనకు, కడసారి చూపుకు చోటు దొరికింది. అప్పటికే వేలమంది పోయారు. వైరస్ గురించి మాత్రమే చదివినవారికి ఆ కడసారి చూపు విలువ తట్టడం కష్టం.

నా ఫిర్యాదు వేరే. పేరుకు బహుశాస్త్ర కోర్సే అయినా, ఎవరి పాఠం వారు చెప్పి వెళ్లిపోతే వాటన్నిటినీ కలిపి కుట్టుకోవాల్సింది పాపం విద్యార్థే. కలరానో క్షయనో ఒక్క సమస్య తీసుకుని ఇద్దరు ముగ్గురు అధ్యాపకులు ఒకే తరగతిలో కలిసి బోధించాలి, విద్యార్థుల ముందే వాదించుకోవాలి. గణాంకశాస్త్రాన్ని మాత్రం ఐచ్ఛికం చేయొద్దు.

ఇట్లు,
ఒక పాఠకుడు