ఆడవాళ్ల గుండెనొప్పిని గ్యాస్ అని పంపేయకండి

అయ్యా,

మా రాయగడ వైపు బాలింతకు ఛాతీ పట్టేసిందంటే ముందు వాము నీళ్లు, తర్వాత గ్యాస్ మాత్ర. మా వదినకూ అంతే, చివరికి విశాఖ తీసుకెళ్తే గుండె రక్తనాళం గోడ దానంతటదే చీలిందన్నారు. షుగర్ లేదు, బీపీ లేదు. స్కాడ్ అనే ఈ జబ్బు వచ్చేవాళ్లలో పదికి తొమ్మిది మంది దాకా ఆడవాళ్లే, కొందరికి కాన్పైన కొత్తలో. చాలామందికి స్టెంట్ లేకుండానే మానుతుంది, తొందరపడి వేస్తే చీలిక ఇంకా సాగొచ్చు, పైగా మళ్లీ వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉండాలి. అమెరికాలో మేయో క్లినిక్ దీనిమీద అధ్యయనం మొదలుపెట్టింది కూడా రోగులే వెంటపడి అడిగితేనే. మరి ఒడిశాలో ఉంటూ ఆంధ్రాలో వైద్యం చేయించుకునే మా ఆడవాళ్లు తర్వాత ఏమయ్యారో ఎవరు రాసిపెడతారు? రెండు రాష్ట్రాల పెద్దాసుపత్రులూ కలిసి ఒక రిజిస్ట్రీ పెట్టాలి. ఈలోగా మా ఊరి ఆసుపత్రిలో ఈసీజీ మిషన్ మీద కప్పిన గుడ్డ తీయిస్తే చాలు.

– ఒక పాఠకురాలు, రాయగడ జిల్లా