మీ బోర్డింగ్‌లో మా పిల్లికి సోకిన కాలిసీవైరస్ గురించి ఫిర్యాదు

మేనేజర్ గారికి,
పెట్ బోర్డింగ్ విభాగం, విజయవాడ.

విషయం: జబ్బు పిల్లిని మిగతావాటి పక్కనే ఉంచడం, అడిగితే సరైన సమాధానం చెప్పకపోవడం గురించి.

అయ్యా,

రాజమండ్రిలో మా ఆడపడుచు కూతురి పెళ్లికి వెళ్తూ గత నెల 9వ తేదీన మా పిల్లి బుజ్జిని మీ దగ్గర వదిలాం. రోజుకు 450 రూపాయల చొప్పున అయిదు రోజులకు 2,250 ముందే కట్టాం. మీరు అడక్కపోయినా టీకాల కార్డు జిరాక్స్ ఇచ్చాను. 14న సాయంత్రం ఇంటికి తెచ్చుకున్నాం.

16న పొద్దున్నే పెరుగన్నం పెడితే పరుగెత్తుకొచ్చి, ఒక్కసారి నాకి, మూతి వెనక్కి లాక్కుని గోడవైపు తిరిగి కూర్చుంది. ఆకలి ఉంది, తినలేకపోతోంది. గడ్డం కింద బొచ్చు చొంగతో తడిసి అట్టలు కట్టింది. నోరు తెరిచి చూస్తే నాలుక అంచున కందిబద్దంత పుండు, ఎర్రగా, పచ్చిగా. సాయంత్రానికి ఒళ్లు కాలిపోతోంది. ఆ రోజు ముందు కుడికాలు ఎత్తి కుంటింది, మర్నాడు వెనక ఎడమకాలు. ఎక్కడినుంచో దూకి దెబ్బ తగిలించుకుందేమో అనుకున్నాను.

డాక్టరు గారు నోరు, కాళ్లు చూసి ఇది కాలిసీవైరస్, అంటే పిల్లులకు జలుబు, నోటి పుండ్లు తెచ్చే అంటు వైరస్ అన్నారు. చిన్న వయసు పిల్లులు ఇలా కాలు మార్చి కాలు కుంటడం కూడా దీనివల్లేనట. సోకాక సాధారణంగా రెండు నుంచి పది రోజుల్లో బయటపడుతుంది. మాది మూడో అంతస్తు, బుజ్జి గడప దాటదు. ఆ పది రోజుల్లో అది వెళ్లిన చోటు మీ సెంటర్ ఒక్కటే.

ఫోన్ చేస్తే మీ స్టాఫ్ "తిండి మారింది కదా మేడం, జలుబు చేసుంటుంది, టెన్షన్ పడకండి" అన్నారు. రెండోసారి చేస్తే "టీకా సరిగ్గా వేయించారా?" అని నన్నే అడిగారు. వేయించాను. ఈ వైరస్‌లో రకాలు చాలా ఉన్నాయి. టీకా జబ్బు ముదరకుండా కాపాడుతుంది గానీ సోకకుండా పూర్తిగా ఆపలేదు. పిల్లుల్ని డబ్బు తీసుకుని ఉంచుకునేవాళ్లకి ఈ సంగతి తెలిసుండాలి.

14న నేను వచ్చేసరికి పక్క కేజ్‌లో పసుపు చారల పిల్లి ఆగకుండా తుమ్ముతోంది, కళ్లు పుసులు కట్టి ఉన్నాయి. మీ దగ్గర పనిచేసే అబ్బాయి దాని కేజ్ తుడిచి, అదే తడిగుడ్డ అదే బకెట్‌లో ముంచి బుజ్జి కేజ్ తుడిచాడు. అతన్ని నేను తప్పు పట్టను, అతనికి ఎవరూ నేర్పలేదు. బకెట్‌లోంచి ఫినాయిల్ వాసన వస్తోంది. ఫినాయిల్ లాంటివి పిల్లులకు విషం, అవి పాదాలు నాక్కుంటూనే ఉంటాయి కదా. పైగా ఈ వైరస్‌కి పైన కొవ్వు పొర ఉండదు కాబట్టి చాలా ఫ్లోర్ క్లీనర్లకు, చేతులకు రాసుకునే శానిటైజర్‌కు సరిగ్గా లొంగదు. గిన్నెల మీద, పరుపుల మీద వారాల తరబడి బతికుండగలదు. ముందు సబ్బుతో కడిగి, 5 శాతం బ్లీచ్ ఒక వంతుకి సుమారు 30 వంతుల నీళ్లు కలిపి పది నిమిషాలు ఉంచి, మళ్లీ మంచినీళ్లతో కడిగేస్తే పోతుంది. ఇది పెద్ద ఖర్చు కాదు.

అదే గదిలో కుందేళ్లు కూడా ఉన్నాయి. పిల్లుల కాలిసీవైరస్ వాటికి రాదు, మనుషులకూ రాదు. కానీ ఇదే కుటుంబంలో కుందేళ్లను ఒకటి రెండు రోజుల్లోనే చంపగల రక్తస్రావ జబ్బు వైరస్ వేరే ఉంది, 1984లో చైనాలో మొదట బయటపడింది. అదీ గిన్నెల ద్వారా, బట్టల ద్వారా పాకుతుంది. అన్నిటికీ ఒకే బకెట్ వాడే గదిలోకి అలాంటిదొకటి వస్తే ఏమవుతుందో తలుచుకుంటేనే భయంగా ఉంది.

పదకొండు రోజులు సిరంజితో తినిపించాం. యాంటీబయాటిక్ వైరస్‌ని చంపదు, పుండ్లలో వేరే ఇన్‌ఫెక్షన్ చేరకుండా ఇచ్చారు. ఇప్పుడు బుజ్జి తింటోంది. కానీ తగ్గిన పిల్లి నోట్లోంచి కూడా వారాల తరబడి, కొన్నిటికి ఏళ్ల తరబడి వైరస్ బయటికి వస్తుందట. మా మెట్ల కింద వీధి పిల్లి నాలుగు కూనల్ని పెట్టింది. రోజూ పాలు పోసేదాన్ని, ఇప్పుడు ఆ పని వాచ్‌మన్ భార్యకు అప్పజెప్పి నేను దూరంగా ఉంటున్నాను.

9 నుంచి 14 వరకు మీ దగ్గర ఉన్న ప్రతి పిల్లి యజమానికీ ఈ వారంలోనే ఫోన్ చేసి విషయం చెప్పండి. నాకు ముఖ్యంగా కావాల్సింది ఇదే. వాళ్లలో ఎవరింట్లోనో ఇంకా టీకా పడని కూన ఉండొచ్చు, ముందే తెలిస్తే వేరుగా ఉంచుకుంటారు. ఆ గదిని ఖాళీ చేసి బ్లీచ్‌తో కడిగించండి, పాత పరుపులు పారేయండి. తుమ్మే పిల్లిని ఉంచడానికి వేరే గది, వేరే గిన్నెలు పెట్టే వరకు కొత్త పిల్లుల్ని తీసుకోకండి. మేం కట్టిన 2,250, వైద్యానికయిన 6,840 రూపాయలు తిరిగి ఇవ్వండి.

పది రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబివ్వండి. రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను.

జతపరిచినవి: మీ రసీదు, టీకాల కార్డు, మందుల బిల్లులు, నాలుక పుండు ఫోటోలు రెండు.

ఇట్లు,
బుజ్జి యజమాని,
సత్యనారాయణపురం, విజయవాడ.