వార్షిక నివేదిక 2024-25: సరుకు బీమా ఎలక్ట్రానిక్ డిక్లరేషన్లపై మన సంఘం చేసిన పని

సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన చిత్తూరు లారీ యజమానులకు, బుకింగ్ ఆఫీసుల నిర్వాహకులకు కార్యవర్గం తరఫున నమస్కారాలు. సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కనుక నేరుగా పనిలోకి వస్తున్నాను.

ఈ ఏడాది మన శ్రమలో ఎక్కువ భాగం డిక్లరేషన్లకే, అంటే ఏ లోడు ఎంత విలువతో ఏ లారీలో వెళ్తోందో బీమా కంపెనీకి ఆన్‌లైన్‌లో తెలియజేసే పనికే పోయింది. లారీకి పాలసీ ఉంటే లోడుకూ ఉన్నట్టేనని నమ్మే సభ్యులు ఇప్పటికీ ఉన్నారు. సాధారణంగా మనం మోసే సరుకుకు లారీ పాలసీలో రక్షణ ఉండదు. దానికి సరుకుదారు తీసుకునే ఓపెన్ పాలసీ (చాలా లోడ్లకు కలిపి ఒకే పాలసీ) వేరు, మన బాధ్యతకు మనం తీసుకునే పాలసీ వేరు. సరుకుదారుకు బీమా ఉంటే మనకేమిటన్న ధీమా కూడా సరికాదు. బీమా కంపెనీ సరుకుదారుకు నష్టం చెల్లించాక, అతని హక్కుతో మన మీదికే వస్తుంది. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం ప్రకారం, సరుకుదారు అధిక రిస్కు రేటు (ఎక్కువ బాధ్యతకు ఎక్కువ కిరాయి) కట్టడానికి ఒప్పుకోని పక్షంలో మన బాధ్యత కిరాయికి పది రెట్ల మేరకే పరిమితమైనా, నష్టపోయిన రోజున అదీ చిన్న మొత్తం కాదు.

ఓపెన్ పాలసీలో ప్రతి లోడు విలువనూ బీమా కంపెనీ పోర్టల్‌లో నమోదు చేయాలి. పాలసీ మొత్తంలోంచి ఆ విలువ తగ్గుతూ పోయి, నిల్వ అయిపోతే తర్వాతి లోడుకు రక్షణ ఉండదు. డిక్లరేషనును నింపేది ఫ్యాక్టరీ గుమాస్తాయే అయినా, దానికి కావలసిన ఎల్‌ఆర్ (లారీ రసీదు) నంబరు, లారీ నంబరు ఇవ్వవలసింది మన బుకింగ్ ఆఫీసు. అసలు చిక్కు దారిలో లారీ మారినప్పుడు వస్తుంది. మొగిలి ఘాట్‌లో బండి ఆగిపోయి, లోడును వేరే లారీలోకి ఎక్కించినప్పుడు ఈ-వే బిల్లులో లారీ నంబరుండే పార్ట్-బి మార్చడం మనవాళ్లకు అలవాటైంది, అది లేకపోతే చెకింగ్‌లో ఆపుతారు గనుక. బీమా డిక్లరేషనులో మాత్రం పాత నంబరే ఉండిపోతుంది, అడిగేవారు ఉండరు గనుక. సదుద్దేశంతో జరిగిన పొరపాటును నష్టం జరిగాక కూడా సరిదిద్దుకోవడానికి 1963 సముద్ర బీమా చట్టం వీలిస్తుంది కానీ, ఆ సదుద్దేశాన్ని నష్టాన్ని అంచనా వేసే సర్వేయరు ముందు నిరూపించుకునేసరికి మామిడి సీజను దాటిపోతుంది.

అందుకే తోతాపురి కాయ దిగకముందే, మే నెలలో సంఘ భవనంలో నిర్వహించిన శిక్షణ శిబిరం ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోదగినది. గుమాస్తాలు, డ్రైవర్లు ఒకే బల్ల దగ్గర కూర్చుని, ఎల్‌ఆర్ రాసిన వెంటనే ఫోనులో వివరాలు పంపడం నేర్చుకున్నారు. దారి ఖర్చు కూడా తీసుకోకుండా తిరుపతి నుంచి వచ్చి పాఠం చెప్పిన విశ్రాంత సర్వేయరు గారికి, తమ డిస్పాచ్ గుమాస్తాలను పంపిన గుజ్జు ఫ్యాక్టరీల యాజమాన్యాలకు, కంప్యూటర్లు అరువిచ్చిన విద్యార్థులకు, భోజనాలు చూసుకున్న మెకానిక్ సోదరులకు, బెల్లం మండీ వర్తకులకు సంఘం రుణపడి ఉంది. ప్రారంభానికి వస్తామని రెండుసార్లు మాట ఇచ్చిన అధికారి గారి కుర్చీ సాయంత్రం దాకా ఖాళీగానే ఉంది.

మన ఇంటి సంగతీ చెప్పక తప్పదు. రాత్రి లోడింగ్ వేళ సహాయానికి పేర్లు ఇచ్చిన వాలంటీర్లలో చాలామంది సీజను మొదలయ్యాక ఫోను ఎత్తలేదు. సొంత పాలసీ తీసుకున్న సభ్యుల్లో కొందరి పోర్టల్ ఓటీపీ యజమాని ఫోనుకు వెళ్తుంది, యజమాని నిద్రలో ఉంటారు, గేటు దగ్గర లారీ నిలబడి ఉంటుంది. బుకింగ్ గుమాస్తా నంబరును కూడా నమోదు చేయించమని సర్క్యులర్ పంపినా స్పందించింది కొద్దిమందే.

ఆడిటరు గారు తనిఖీ చేసిన జమాఖర్చులు మీ చేతుల్లో ఉన్నాయి. శిబిరం ఖర్చు విరాళాలలోనే సరిపోయింది, చందా బకాయిలు మాత్రం అలాగే ఉన్నాయి. వచ్చే సీజనుకు రాత్రి విధుల పట్టిక తలుపు దగ్గర బల్ల మీద ఉంచాము, నిజంగా రాగలిగినవారే అందులో పేరు రాయవలసిందిగా మనవి.

కార్యదర్శి