పంచాంగం పక్కన ఒక్క లైను

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పేపరు మా ఇంటికి ఇరవయ్యేళ్ళ నుంచి వస్తోంది. పొద్దున్నే కాఫీ తాగుతూ నేను మొదట చూసేది పంచాంగమే. తిథి ఏమిటి, వర్జ్యం ఎప్పుడు, నక్షత్రం ఏమిటి అని చూడటం మా అమ్మ దగ్గర నుంచి వచ్చిన అలవాటు. మొన్న నక్షత్రం దగ్గర 'రోహిణి' అని ఉంది. ఆ రాత్రి డాబా ఎక్కి చూస్తే చంద్రుడికి కాస్త ఎడంగా ఎర్రగా ఒక చుక్క వెలుగుతోంది, అదే రోహిణి. మీరు పొద్దున్న అచ్చువేసింది రాత్రి నా నెత్తి మీద కనిపించింది! నక్షత్రం అంటే పిల్లలకి పేరు పెట్టేటప్పుడు, పెళ్ళికి ముహూర్తం చూసేటప్పుడు అయ్యవారు చెప్పే మాట అనే యాభై ఏళ్ళు దాటేదాకా అనుకున్నాను. అది పైకి చూసి వేలు పెట్టి చూపించగలిగే చుక్క అని నాకెవరూ చెప్పలేదు. ఈ ఉత్తరం దాని గురించే.

నేను పెద్దగా చదువుకున్నదాన్ని కాదు, విశాఖపట్నంలో టైలరింగ్ చేసి పిల్లల్ని పైకి తెచ్చుకున్నాను. నాకు ఈ పిచ్చి హుద్‌హుద్ తుఫాను వల్ల పట్టుకుంది. 2014 అక్టోబరు 12న ఆ తుఫాను మా ఊరిని ఎలా ఊడ్చేసిందో మీకు చెప్పక్కర్లేదు, మా వీధికి కరెంటు రావడానికి ఎనిమిది రోజులు పట్టింది. మూడో రాత్రి ఇంట్లో ఉక్క భరించలేక వీధిలో వాళ్ళమంతా చాపలు, దిళ్ళు పట్టుకుని డాబాల మీదికి ఎక్కాం. ఊరంతా చిమ్మచీకటి, చంద్రుడు ఇంకా రాలేదు. కింది వాటాలో ఉండే ఏడేళ్ళ పిల్ల పైకి చూసి "ఆంటీ, ఆ పొగ ఏంటి, మళ్ళీ వాన వస్తుందా?" అని భయపడింది. అది పొగా కాదు, మబ్బూ కాదు. అది పాలపుంత. బీచ్ రోడ్డు దీపాలు, షాపుల బోర్డులు, అపార్ట్‌మెంట్ల లైట్లు ఆరిపోయేసరికి రోజూ అక్కడే ఉండేది బయటపడింది, ఆ పిల్ల పుట్టి ఏడేళ్ళయినా దాన్ని ఒక్కసారి కూడా చూడలేదు. ఎగిరిపోయిన రేకులు, కూలిన చెట్లు, నీళ్ళు లేక పడుతున్న టెన్షన్ అన్నీ మర్చిపోయి పన్నెండింటి దాకా అలాగే చూస్తూ ఉండిపోయాం.

నేను మాత్రం దాన్ని అంతకుముందు చూశాను. మాది శ్రీకాకుళం జిల్లాలో ఒక చిన్న పల్లె. నూర్పిళ్ళప్పుడు మా నాన్న కళ్ళంలో కాపలా పడుకునేవాడు, నేను మారాం చేసి ఆయన పక్కన గడ్డిలో పడుకునేదాన్ని. ఆయనకి సంతకం చెయ్యడం తప్ప అక్షరం రాదు, చేతికి వాచీ లేదు. గొల్లకావడి చుక్కలు నడినెత్తి మీదికొచ్చాయంటే సగం రాత్రి అయిందని, వేగుచుక్క పొడిచిందంటే ఎడ్లకి మేత వెయ్యాలని లేచేవాడు. గుప్పెడు చుక్కలు దగ్గర దగ్గరగా ముద్దలా కనిపిస్తే అది పిల్లలకోడి, అంటే మన కృత్తిక. దాని వెనకాలే వచ్చే ఎర్రచుక్కకి ఆయన ఏ పేరూ చెప్పలేదు. కోడి వెనకాల కాపలా వస్తోంది అనేవాడు. అదే రోహిణి అని, ఆ మాటకి అర్థమే ఎర్రనిది అని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మనమంతా అంటాం కదా, ఆ కార్తెలో సూర్యుడు వెళ్ళి ఆ చుక్క ముందు నిలబడతాడు, అందుకే ఆ రోజుల్లో అది కనపడదు, చలికాలంలో రాత్రంతా కనిపిస్తుంది. కార్తీక మాసానికి ఆ పేరు ఎందుకొచ్చిందంటే ఆ పున్నమి రాత్రి చంద్రుడు కృత్తిక దగ్గర ఉంటాడు కాబట్టి. చిత్త దగ్గరుంటే చైత్రం, మఖ దగ్గరుంటే మాఘం, విశాఖ దగ్గరుంటే వైశాఖం. మా ఊరి పేరులో కూడా ఒక చుక్క పేరుంది. ఇన్నాళ్ళూ ఆ పేర్లు పలుకుతూనే ఉన్నాను, ఒక్కదాన్నీ పైకి చూసి గుర్తుపట్టలేదు.

హుద్‌హుద్ తర్వాత మా కోడలు నా ఫోన్లో ఆకాశం చూపించే యాప్ ఒకటి పెట్టింది. ఫోను పైకెత్తితే ఏ చుక్క ఏదో చెబుతుంది, దాని దూరం కూడా. రోహిణి దగ్గర 65 కాంతి సంవత్సరాలు అని ఉంది. వెలుగు సెకనుకి దాదాపు 3 లక్షల కిలోమీటర్లు వెళుతుంది, సూర్యుడి నుంచి మన దాకా రావడానికి 8 నిమిషాల 20 సెకన్లు చాలు, అలాంటి వెలుగే రోహిణి నుంచి రావడానికి 65 ఏళ్ళు పడుతుందట. ఈ కార్తీకంలో నాకు 65 నిండాయి. ఏడాది అటూ ఇటూ అయినా ఫర్వాలేదు, నేను పుట్టినప్పుడు అక్కడ బయల్దేరిన వెలుగు ఇప్పుడొచ్చి నా కంట్లో పడుతోంది. నేను పాకడం, బళ్ళోకెళ్ళడం, పెళ్ళి, మిషను తొక్కిన నలభై ఏళ్ళు, ఆయన పోవడం, మనవలు పుట్టడం, ఇవన్నీ జరుగుతున్నంతసేపూ అది ఒక్క క్షణం ఆగకుండా వస్తూనే ఉంది. మా నాన్న 1994లో పోయాడు. ఆ ఏడాది అక్కడ బయల్దేరిన వెలుగు ఇప్పటికి సుమారు సగం దారిలో ఉంటుంది. ఇది తెలిసిన రోజు నాకు అన్నం సరిగా తినబుద్ధి కాలేదు. దిగులు కాదు, ఏమనాలో తెలియని ఒక నిండుతనం.

65 కాంతి సంవత్సరాలు అంటే ఎంతో నాకు మామూలుగా బుర్రకెక్కలేదు. ఒక కాంతి సంవత్సరమే దాదాపు 9.46 లక్షల కోట్ల కిలోమీటర్లు అంటారు, బడ్జెట్ లెక్కలా ఉంటుంది. అందుకే నా టేపు తీసి డాబా మీద పరిచాను. సూర్యుడికీ భూమికీ మధ్య 15 కోట్ల కిలోమీటర్ల దూరాన్ని ఒక మీటరు అనుకున్నాను. లెక్కలు మా పెద్ద మనవడు చేసిపెట్టాడు, ఇంజినీరింగ్ చదువుతున్నాడు. ఆ కొలతలో సూర్యుడు పెద్ద శనగ గింజంత. భూమి? వెంట్రుక మందం ఉన్న ధూళికణం, గాలి ఊదితే పోయేది. ఇప్పుడు పక్క నక్షత్రం ఎక్కడ పెట్టాలి? సూర్యుణ్ణి వదిలేస్తే మనకి అన్నిటికన్నా దగ్గరది 4 కాంతి సంవత్సరాల పైచిలుకు దూరంలో ఉంది, అది ఈ లెక్కలో ఆవగింజంత, దాన్ని పెట్టాలంటే విశాఖపట్నం నుంచి ఏలూరు దాకా వెళ్ళాలి! మధ్యలో తుని లేదు, రాజమండ్రి లేదు, గోదావరి లేదు, అంతా ఖాళీయే. రోహిణి పెద్ద గుమ్మడికాయంత ఉంటుంది, సూర్యుడికి 40 రెట్లకి పైగా వెడల్పు మరి. దాన్ని పెట్టే చోటు ఇక్కణ్ణుంచి శ్రీనగర్ వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చేంత దూరం. అయినా కంటికి కనిపించే చుక్కల్లో మనకి దగ్గరగా ఉన్నవాటిలో అదొకటి. పాలపుంత ఈ చివర నుంచి ఆ చివరికి లక్ష కాంతి సంవత్సరాలు, అందులో పదివేల కోట్లకి తక్కువ కాకుండా నక్షత్రాలు, అలాంటి పుంతలు ఎన్నో లెక్కలేదు. అక్కడితో టేపు చుట్టేశాను. ఆ పైన నాకు ఊహ సాగదు, అబద్ధం చెప్పను.

కానీ ఇందులోనే నన్ను ఎక్కువ కదిలించిన సంగతి ఇంకొకటి ఉంది. 1977 సెప్టెంబరు 5న అమెరికా వాళ్ళు వోయేజర్-1 అనే నౌకని పంపారు, అంతకు కొన్ని రోజుల ముందే వోయేజర్-2ని పంపారు. ఎవరికైనా ఎప్పుడైనా దొరికితే వినాలని ఆ రెండిటిలోనూ బంగారు పూత పూసిన గ్రామఫోన్ రికార్డు ఒక్కొక్కటి పెట్టారు. అందులో 55 భాషల్లో పలకరింపులున్నాయి. అందులో తెలుగు ఉంది. తెలుగు మాట్లాడే జనం తరఫున నమస్తే, శుభాకాంక్షలు అని మన మాట ఉంది. హిందుస్తానీ గాయని కేసర్‌బాయి కేర్కర్ పాట కూడా ఉంది. వోయేజర్-1 ఇప్పుడు సుమారు 2,500 కోట్ల కిలోమీటర్ల దూరంలో సెకనుకి 17 కిలోమీటర్ల వేగంతో పోతూనే ఉంది, ఇక్కణ్ణుంచి దానికి ఒక కబురు పంపితే చేరడానికే 23 గంటల పైన పడుతుంది, జవాబు రావడానికి మళ్ళీ అంత. మనిషి చేసిన వస్తువుల్లో అంత దూరం వెళ్ళింది ఇంకొకటి లేదు. నా టేపు లెక్కలో అది ఎక్కడుందో తెలుసా? నలభై ఎనిమిదేళ్ళు ఆగకుండా పరుగెత్తి మా డాబా నుంచి 170 మీటర్లు వెళ్ళింది. మా వీధి మొగలో కిరాణా కొట్టు దాకా. ఏలూరు ఇంకా అక్కడే ఉంది.

1972లో పంపిన పయనీర్-10 అని ఇంకో నౌక ఉంది, దాని మీద ఒక ఆడమనిషి, ఒక మగమనిషి బొమ్మ చెక్కారు. 2003లో చివరిగా దాని సన్నటి సిగ్నల్ అందింది, ఆ తర్వాత మాట లేదు. అది పోతున్న దిక్కు ఏమిటంటే రోహిణి వైపు. ఆ చుట్టుపక్కలకి చేరడానికి 20 లక్షల ఏళ్ళ పైనే పడుతుందట. ఇది విన్నాక రోహిణిని చూసిన ప్రతిసారీ ఆ దారిలో చీకట్లో ఒంటరిగా పోతున్న ఆ బొమ్మలు గుర్తొస్తాయి, మా నాన్న కోడి వెనకాల కాపలా అన్న మాటా గుర్తొస్తుంది.

ఇవన్నీ చెబితే మా వాళ్ళు ఒకటే అంటారు, ఇంత పెద్ద సృష్టిలో మనమెంత, చీమలతో సమానం అని. నేను ఒప్పుకోను. చీమకి ఏలూరు ఎంత దూరమో తెలియదు. ఆ ధూళికణం మీద కూర్చుని శనగ గింజ ఎంతుందో, గుమ్మడికాయ ఎక్కడుందో కొలిచినవాళ్ళు మనుషులే. అక్షరం రాని మా నాన్న కళ్ళంలో పడుకుని చుక్కని చూసి టైము చెప్పేవాడు. నేను చిన్నదాన్నే, చాలా చిన్నదాన్ని, కానీ అటునుంచి వచ్చిన వెలుగు చూడటానికి నాకు రెండు కళ్ళున్నాయి. రాత్రి పైకి చూస్తున్నప్పుడు నాకు తక్కువతనం ఎప్పుడూ అనిపించలేదు, ఎవరో పెద్దింటికి పిలిచి కూర్చోబెట్టినట్టు ఉంటుంది.

ఒక బాధ మాత్రం ఉంది. 1980 ఫిబ్రవరి 16న సూర్యగ్రహణం వచ్చింది, నాకు పంతొమ్మిదేళ్ళు. తెలంగాణలో జపాల్-రంగాపూర్ దగ్గర సంపూర్ణ గ్రహణం పట్టిందని, శాస్త్రవేత్తలు దాన్ని అక్కడి నుంచి పరిశీలించారని ఆ తర్వాత చదివాను. మా ఊళ్ళో తలుపులు, కిటికీలు మూసేసి మమ్మల్ని లోపల కూర్చోబెట్టారు. ఇంట్లో మసకబారడం తెలిసింది, అంతే. తగిన కళ్ళద్దాలు పెట్టుకుంటే చూడొచ్చు అని చెప్పేవాళ్ళు మా పల్లెలో లేరు. పెద్దవాళ్ళని తప్పు పట్టను, వాళ్ళకి తెలిసింది వాళ్ళు చేశారు. ఇప్పటి పిల్లలకి మాత్రం అలా జరగకూడదని గట్టిగా అనుకుంటాను. శ్రీహరికోట నుంచి చంద్రయాన్ లేస్తే మన పిల్లలు టీవీ ముందు చప్పట్లు కొడతారు, బాగుంది, కానీ అదే పిల్లల్ని డాబా మీదికి తీసుకెళ్ళి కృత్తిక ఏది అంటే నాలాగే దిక్కులు చూస్తారు.

అందుకని ఎడిటర్ గారూ, నాదొక చిన్న కోరిక. రాశిఫలాలు తగ్గించమనో తీసెయ్యమనో అనడం లేదు, చదివేవాళ్ళు చదువుకుంటారు. పంచాంగంలో మీరు రోజూ నక్షత్రం పేరు ఎలాగూ వేస్తున్నారు. దాని కింద ఇంకొక్క లైను వెయ్యండి, ఆ చుక్క ఈ రాత్రి ఏ దిక్కున, ఎన్ని గంటలకి, చంద్రుడికి ఏ పక్కన కనిపిస్తుందో. చంద్రుడు రోజుకి సుమారుగా ఒక నక్షత్రం చొప్పున జరుగుతాడు, 27 రోజులయ్యేసరికి ఒక చుట్టు పూర్తయిపోతుంది. అంటే నెల రోజులు మీ పేపరు చదివి డాబా ఎక్కిన పిల్లకి, మబ్బులు లేకపోతే, సగం పైన చుక్కలు గుర్తుండిపోతాయి. పుస్తకం కొనక్కర్లేదు, టెలిస్కోపు అక్కర్లేదు. చంద్రుడు కొన్ని నెలల్లో ఆ చుక్కకి బాగా దగ్గరగా, కొన్ని నెలల్లో ఎడంగా పోతాడు, అది కూడా రాస్తే పిల్లలు గమనిస్తారు. మీ దగ్గర చోటు తక్కువని తెలుసు, అందుకే ఒక్క లైను అంటున్నాను.

ఎలా ఉండాలో నేనే రాసి పెట్టాను, మీ వాళ్ళు సరిదిద్దుకోవచ్చు:

"ఈ రోజు నక్షత్రం రోహిణి. రాత్రి ఎనిమిదికి తూర్పున చంద్రుడి దగ్గర్లో కనిపించే ఎర్రచుక్క అదే. మీరు చూస్తున్న వెలుగు అక్కడ బయల్దేరి 65 ఏళ్ళయింది."

ఇట్లు,
మీ పాఠకురాలు,
విశాఖపట్నం