ముందు ముక్కు, తర్వాతే నాలుక

నమస్తే అండీ, గుంటూరులో మా స్పీచ్ థెరపీ క్లినిక్‌కి పిల్లల్ని తీసుకొచ్చే అమ్మానాన్నలందరికీ ఇది. పోయిన వారం ఐదుగురు పిల్లల మయో సెషన్లు, అంటే నాలుక, పెదాలు, ముఖం కండరాలకి చేయించే ఎక్సర్‌సైజులు, ఆపేశాను. "ప్యాకేజీ డబ్బులు కట్టించుకుని ఇప్పుడు ఈఎన్‌టీ దగ్గరికి పొమ్మంటారేంటి" అని మన వాట్సాప్ గ్రూపులో ఒకరు అడిగారు, అడగాల్సిందే. కానీ దాని కింద ఆ ఐదుగురిలోనే ఒకరి నాన్నగారు "ఇవన్నీ డబ్బుల కోసం కొత్తగా కనిపెట్టినవి" అని ఓ నవ్వు బొమ్మ పెట్టారు చూడండి, అది గుచ్చుకుంది. 1918లోనే రోజర్స్ అని అమెరికాలో ఒక ఆర్థోడాంటిస్ట్ ముఖం కండరాల ఎక్సర్‌సైజుల గురించి రాశాడండీ. నేను కనిపెట్టిందేం లేదు.

నేనిందులోకి వచ్చింది ఒక తప్పు వల్ల. మైసూరులో మాస్టర్స్ చేసొచ్చి ఏళ్ల తరబడి నత్తి, మాట ఆలస్యం, ఉచ్చారణ, ఇవే చూశా. రెండో క్లాసు బాబు ఒకడు, "స" అనమంటే నాలుక పళ్ల మధ్యకొచ్చేసి సంచి కాస్తా "థంచి" అయ్యేది. ఎనిమిది నెలలు అద్దం ముందు కూర్చోబెట్టా, గదిలో చక్కగా అనేవాడు, మెట్లు దిగేలోపు మళ్లీ థంచే. వాళ్ల అమ్మమ్మగారు ఒకసారి "వీడు నోరు తెరుచుకునే పడుకుంటాడమ్మా, గురక కూడా" అన్నారు. నేను తలూపేసి మళ్లీ "స" కార్డులు తీశా. తర్వాత ఎప్పుడో డాక్టరు చూస్తే అడినాయిడ్స్, అంటే ముక్కు వెనకాల ఉండే కండ, బాగా పెరిగున్నాయి. ముక్కులో గాలి ఆడకపోతే నోరు తెరుచుకుంటుంది, నాలుక కిందకి, ముందుకి జారి అక్కడే అలవాటు పడుతుంది, మింగినప్పుడు కూడా పళ్లనే తోస్తుంది. ఆ అమ్మమ్మగారికి కనిపించింది నాకు కనపడలేదు. ఆ సిగ్గుతోనే ఈ మయో కోర్సు చేశా.

మరి అంత తెలిసీ ఈ వేసవి సెలవుల రద్దీలో "జలుబేలే" అనుకుని ఆ ఐదుగురినీ మొదలుపెట్టేశా, అదీ నా తప్పు. క్లిప్పులకి వాడే చిన్న రబ్బరు బ్యాండు నాలుక కొస మీద పెట్టి పైపళ్ల వెనక ఆనించి మింగించడం, పెదాలు మూయించి ముక్కుతో గాలి తీయించడం, మయోలో చేయించేవి ఇలాంటివే. ముక్కు దిబ్బడేసిన పిల్లాడిని పెదాలు మూయమంటే ఊపిరి తీయకురా అన్నట్టే కదా. ఆపాలా, అవే మెల్లగా లాగించాలా అని పది రోజులు కొట్టుకున్నా, డబ్బులు వెనక్కిస్తే ఈ నెల అద్దెకి చేతిలో ఏం మిగలదు మరి. ఆపేశా.

ఇకనించి ఈఎన్‌టీ చూసి సరేనంటేనే మయో. ఈ షరతు పెట్టానని క్లిప్పులేసిన పిల్లల్ని నా దగ్గరికి పంపే ఒక డెంటల్ డాక్టరుగారు పంపడం మానేశారు, మానేయనివ్వండి. స్పీచ్ సెషన్లు ఎప్పట్లానే ఉంటాయి. ఆ ఐదుగురిలో కావాలన్నవాళ్లకి మొత్తం వెనక్కిస్తా, ఆగుతామంటే అదే డబ్బుల్లో తర్వాత చేస్తా.

యూట్యూబ్‌లో ఫ్రీగా ఉన్నాయి కదా అన్నవాళ్లూ ఉన్నారు. ఉన్నాయండీ. కానీ ముందు పిల్లాడు రాత్రి నిద్రపోయేటప్పుడు ఓ వీడియో తీసి ఈఎన్‌టీకి చూపించండి, నా దగ్గరికి రాకపోయినా పర్లేదు.

నవ్వు బొమ్మ పెట్టిన నాన్నగారి డబ్బులు సోమవారం పొద్దున్నే వేసేశా, చూసుకోమనండి.