ఫైలుతో పాటు పాప దినచర్య కూడా ఇప్పించండి: ఒడిశా మహిళా శిశు అభివృద్ధి శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగు ఇళ్ళలో దత్తపిల్లల్ని పెంచుతున్న తల్లిదండ్రులం, ఆ పిల్లలకి ఇంటి దగ్గర ఆటపాటలతో చదువు చెప్పే బాలబడి టీచర్లం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. ఒడియా ప్రతి మీ కార్యాలయానికి విడిగా పంపుతున్నాం. తెలుగులో బయట పెట్టడానికి కారణం ఉంది. ఇందులో సగం మీకు విన్నపం. మిగతా సగం రేపో మాపో పాపను ఇంటికి తెచ్చుకోబోయే మనవాళ్ళకి పనికొచ్చేది.

అడిగేది పెద్ద కోరికేం కాదు. ఏడాదిన్నర నుంచి మూడేళ్ళ లోపు పిల్లని దత్తత సంస్థ నుంచి ఇంటికి పంపేటప్పుడు ఫైలు చేతికిస్తారు. ఆ పిల్ల రోజు ఎలా గడుస్తుందో, ఏ మాటలతో గడుస్తుందో రాసిన కాగితం ఒకటి దానికి జతచేయించండి.

చట్టం పని చట్టం చేసింది. 2022 సెప్టెంబరు 1 నుంచి దత్తత ఉత్తర్వు కలెక్టరు గారే ఇస్తున్నారు, కోర్టు వాయిదాల బాధ తప్పింది. దత్తతలు చూసే కేంద్ర సంస్థ 'కారా' పోర్టల్లో పిల్ల అధ్యయన నివేదిక, వైద్య పరీక్ష నివేదిక చూసుకోవచ్చు. కానీ రెండేళ్ళ పిల్ల ఆరు నెలల్లో వేరే మనిషైపోతుంది. పాకే రోజుల్లో రాసిన నివేదిక పరిగెత్తే పిల్లకి సరిపోదు. అలవాట్ల దగ్గర 'సాధారణం' అని ఒక్క మాట రాసి వదిలేస్తే, రాత్రి పదింటికి పాప దేనికి ఏడుస్తోందో అందులో వెతికినా దొరకదు.

దేనికి ఏడుస్తుందో చెప్తాం. ఒడియాలో 'ఖీర' అంటే పాలు. తెలుగింట్లో ఖీరు అంటే సేమ్యా పాయసం. పాప పడుకునే ముందు 'ఖీర, ఖీర' అని గింజుకుంటుంది. అమ్మమ్మ జాలిపడి పొయ్యి వెలిగించి, జీడిపప్పు కూడా వేసి పాయసం కాస్తుంది. పాప గిన్నె తోసేస్తుంది. 'దీనికి తీపి పడదర్రా' అని ఇంట్లో అందరూ తేల్చేస్తారు. పాప అడిగింది గ్లాసుడు గోరువెచ్చని పాలు.

గంజాం జిల్లాలో రెండు భాషలు ఒకే వీధిలో నడవడం కొత్త కాదు. 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఊళ్ళివి. అయినా పెద్దవాళ్ళకి వచ్చేది బజారు ఒడియా, ఆయాలు పిల్లలతో ఆడే ఒడియా వేరు. మా లెక్కన పాతిక మాటలు రాసిస్తే చాలు. పాణి, భాత అందరూ ఊహించేవే. అసలు కావలసినవి ఆకలికి 'భోక', భయానికి 'డర', నొప్పికి 'బింధుచి', ఒంటికీ రెంటికీ 'పరిస్రా', 'ఝాడా'. పాప వాటిని ఎంత ముద్దుగా విరిచి పలుకుతుందో అలాగే రాయాలి, నిఘంటువులో ఉన్నట్టు కాదు. సవర, కుయి గిరిజన భాషల మాటలు పలికే పిల్లలైతే ఆ కాగితం ఇంకా అవసరం. పట్నంలో ఆ మాట అర్థం చెప్పే మనిషి పక్కింట్లో దొరకరు.

ఆ మాటలతో ఏం చేయాలంటే, మొదటి రెండు వారాలు పాత మాట ముందు, కొత్త మాట వెనక. గ్లాసు చేతికిస్తూ 'పాణి, నీళ్ళు' అనాలి. మూడో వారం నుంచి తిరగేసి 'నీళ్ళు, పాణి'. రెండో నెలలో తెలుగు మాటే చాలు, పాప ఒడియాలో అంటే మాత్రం ఒప్పుకుని జవాబివ్వాలి. 'పాణి కాదమ్మా, నీళ్ళు అను' అని దిద్దకూడదు. దిద్దితే దాహమేసినా అడగడం మానేస్తుంది. నొప్పి, భయం, దొడ్డికి సంబంధించిన మాటలు అన్నిటికంటే ఆఖరున మార్చాలి. కంగారులో పిల్ల నోట వచ్చేది పాత మాటే. పేరూ అంతే. కొత్త పేరు పెట్టుకోవాలని ఉంటే కొన్ని వారాలు రెండూ కలిపి పిలవండి.

రెండు మూడు నెలలు పాప నోరు విప్పకపోవచ్చు. వింటోంది, పోగేసుకుంటోంది, అంతే. అయితే దీని మాటున ఒక ప్రమాదం దాక్కుంటుంది. భాష మారింది కదా అని చెవి సంగతి ఎవరూ చూడరు. ఒడియా బాగా వచ్చిన మనిషిని పాప వెనక కూర్చోబెట్టి, చేతులు ఊపకుండా, మామూలు గొంతుతో 'బంతి తే', 'ఇలా రా' అని ఒడియాలో చెప్పించాలి. తిరిగి చూసి ఆ పని చేస్తే చాలావరకు భయం లేదు. ఒడియాలో చెప్పినా ఉలుకూ పలుకూ లేకపోతే ఒక్క వారం కూడా ఆగకుండా వినికిడి పరీక్ష చేయించాలి. జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలు ఇందుకే ఉన్నాయి. ఈ పని ఎవరో ఒకరు మొదటి నెలలోనే చేయాలి కదా. నిబంధన ప్రకారం రెండేళ్ళపాటు ఆరు నెలలకోసారి తనిఖీ ఉంది. మొదటి తనిఖీ వచ్చేసరికి ఆరు నెలల కాలం పోతుంది.

ఇక తిండి. సంస్థలో పదిమంది మధ్య, గంట కొట్టినట్టు తిన్న పిల్ల గబగబా మింగుతుంది, కంచం ఖాళీ అయినా ఆపదు, కొంత బుగ్గలో దాస్తుంది, పిడికిట్లో అన్నం ముద్ద పట్టుకునే పడుకుంటుంది. ఇది ఆబ కాదు, మళ్ళీ దొరకదేమోనన్న లెక్క. 'చాలు, ఇంక చాలు' అని కంచం లాగితే ఆ లెక్క నిజమైపోతుంది. వేళ తప్పకుండా రోజుకి ఐదుసార్లు పెట్టాలి. ఏడాది దాటిన పిల్లకి పూటకి 250 మిల్లీలీటర్ల గిన్నెలో ముప్పావు నుంచి గిన్నెడు, మూడు నాలుగు పూటలు, మధ్యలో చిరుతిండి ఒకటో రెండో. దీనికి తోడు పాప చేతికి అందే ఎత్తులో మూత గిన్నె ఒకటి పెట్టి, అందులో ఎప్పుడూ ఇడ్లీ ముక్కో, అరటిపండు ముక్కో ఉంచాలి, మూడు గంటలకోసారి మార్చాలి. మొదట్లో పదే పదే మూత తీసి చూస్తుంది. తినకపోయినా చూస్తుంది. గిన్నె ఖాళీ కాదని నమ్మకం కుదిరాక ఆ చూడ్డం దానంతటదే తగ్గుతుంది. వేరుశనగ గింజలు, సెనగలు, గుండ్రటి ద్రాక్షపళ్ళు ఆ గిన్నెలో వద్దు, గొంతుకి అడ్డం పడతాయి.

బుగ్గలో దాచిన అన్నంతో నిద్రపోతే అదీ ప్రమాదమే. వేలు పెట్టి గెలికితే పాప కరుస్తుంది, నోరు బిగిస్తుంది. 'సింహం ఎలా అరుస్తుంది?' అంటే నోరు తానే తెరుస్తుంది. రెండు గుక్కలు నీళ్ళు తాగించి, మళ్ళీ సింహాన్ని ఓసారి పిలిచి, అప్పుడు పడుకోబెట్టాలి.

మెత్తటి పప్పన్నానికి అలవాటైన పిల్ల గట్టి ముక్క తగలగానే ఓకరిస్తుంది. వారం పాటు మెత్తగా, మరో వారం గరిటెతో మెదిపి, ఆ తర్వాత వేళ్ళతో నలిపి పెట్టాలి. చోడి (రాగి) జావ అందరికీ తెలిసిందే అనుకుంటాం కానీ ఉండలు కట్టడంతోనే పిల్లలు దాన్ని ఉమ్మేస్తారు. రెండు చెంచాల పిండిని ముందు చన్నీళ్ళలో కలిపి, అప్పుడు మరిగే గ్లాసుడు నీళ్ళలో పోస్తూ ఏడెనిమిది నిమిషాలు కలుపుతూ ఉడికించాలి. అంగన్‌వాడీ ఇచ్చే ఛతువాలో గోధుమ, సెనగ, వేరుశనగ, చక్కెర ఉంటాయి. పాప ఇంతకుముందు తిన్నదో లేదో తెలియకపోతే మొదటిసారి పొద్దుటిపూట అరచెంచా పెట్టి ఆ రోజంతా ఒళ్ళు చూసుకోవాలి. ఇదీ ఆ కాగితంలో ఒక్క ముక్క రాసుంటే తేలిపోయే సంగతే.

చదువు దగ్గరికొస్తే మాలో మాకే పేచీ ఉంది. కొందరు రెండున్నరేళ్ళకే పలక కొంటారు. బరంపురంలో ఇంకో చిక్కు, తాతగారు 'అ ఆ' అంటారు, పక్కింటివాళ్ళు గణేశ పూజకి ఖడి పట్టించి అక్షరాభ్యాసం చేయించలేదా అంటారు. మూడేళ్ళ లోపు ఏ లిపీ అక్కర్లేదన్నది టీచర్ల మాట. పైగా రక్తం తక్కువగా ఉన్న పిల్లలు బలపం నమిలేస్తారు. బలపం మాయమవుతోందంటే అల్లరి అనుకోకుండా రక్త పరీక్ష చేయించాలి. కేంద్రం 2024లో తెచ్చిన 'నవచేతన' మార్గదర్శిక మూడేళ్ళ లోపు పిల్లల కోసమే, అందులో వయసు వారీగా ఇంట్లో చేసుకునే పనులున్నాయి. వాటిని ఇంటి తెలుగులో చెప్పే కరపత్రం ఒకటి కావాలి.

మా పద్ధతి ఇలా ఉంటుంది. ఒక్కో పని ఏడు నుంచి పది నిమిషాలు, రోజుకి మూడుసార్లు, ఒకే చాప మీద, ఒకే వేళకి. లెక్కకి చింతపిక్కలు, గవ్వలు వాడడం మన అలవాటు కానీ ఈ వయసుకి పనికిరావు, నోట్లో పట్టేదేదీ ఆటవస్తువు కాదు. స్టీలు గ్లాసులు ఒకదాంట్లో ఒకటి పెట్టడం, డబ్బాలకి మూతలు వెతకడం, కొబ్బరి చిప్పలు వరసగా పేర్చడం, తడిబట్ట పిండడం చాలు. పిండి ముద్దతో ఆడించేటప్పుడు ఒక జాగ్రత్త. ఫోన్లో చూపించేవాటిలో పాడవకుండా ఉండడానికి ఉప్పు బాగా పోస్తారు. దొరికిందల్లా మింగే పిల్ల ఆ ముద్ద తింటే ఉప్పు ఎక్కువై ప్రాణం మీదికి వస్తుంది. గ్లాసు గోధుమపిండి, చెంచా నూనె, చిటికెడు పసుపు, తగినన్ని నీళ్ళు, అంతే. సాయంత్రానికి పారేసి, మర్నాడు కొత్తది కలుపుకోవాలి.

దాగుడుమూతల్ని మామూలు ఆట అనుకోకండి. అమ్మ కనపడకుండా పోయి మళ్ళీ వస్తుందన్నది ఈ పాపకి నేర్పాల్సిన మొదటి పాఠం. ముందు కొంగు మాటున, తర్వాత తలుపు మాటున, తర్వాత పక్కగదిలోంచి గొంతు వినిపిస్తూ. 'చూడు, ఎవరు పిలిచినా చంక ఎక్కేస్తుంది, ఎంత కలుపుగోలో' అని చుట్టాలు మెచ్చుకుంటే పొంగిపోకూడదు. మనిషికీ మనిషికీ తేడా ఇంకా తెలియలేదని అర్థం. మొదటి రెండు నెలలు అన్నం పెట్టడం, నీళ్ళు పోయడం, పడుకోబెట్టడం అమ్మానాన్నల చేతుల మీదుగానే జరగాలి. చుట్టాలొచ్చి ఆడించి వెళ్ళొచ్చు. అత్తగారికి ఇది చెప్పడం ఎంత కష్టమో మంత్రి గారికి వేరే చెప్పక్కర్లేదు.

ఇక్కడే అంగన్‌వాడీతో ఒక చిక్కు. మూడేళ్ళు నిండగానే ఇంటికిచ్చే రేషను పోయి, కేంద్రంలో వేడి భోజనం, పూర్వ ప్రాథమిక విద్య మొదలవుతాయి. మంచిదే. కానీ ఇంటికొచ్చి నెల కూడా కాని పిల్లని వరసలో కంచం ముందు కూర్చోబెట్టి అమ్మ వెళ్ళిపోతే, తనని మళ్ళీ సంస్థలో వదిలేశారనుకుంటుంది. రాత్రుళ్ళు తల ఊపుకోవడం, పక్క తడపడం తిరగబెడతాయి. దత్తపిల్లలకి పుట్టినతేదీ ఒక్కటే చూడకుండా ఇంటికొచ్చిన తేదీ కూడా చూడాలి. మొదటి మూడు నెలలు అమ్మ గానీ నాన్న గానీ పక్కన కూర్చోవడానికి, అరగంటతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవడానికి, ఆ రోజుల్లో భోజనం ఇంటికి తీసుకెళ్ళడానికి వీలు కల్పిస్తూ ఉత్తర్వు ఇప్పించండి. రిజిస్టరులో పేరు పక్కన 'దత్తత' అని రాయొద్దని కూడా చెప్పించండి. ఆ రిజిస్టరు ఊరంతా చూస్తుంది.

ఆరోగ్యం గురించి రెండే మాటలు. కొత్త పేరు వచ్చింది కదా అని పాత టీకా కార్డు పారేయకూడదు. తేదీలు దొరక్కపోతే 16 నుంచి 24 నెలల మధ్య వేసే ఎంఆర్ (తట్టు, రుబెల్లా) రెండో డోసు, డీపీటీ బూస్టరు పడ్డాయో లేదో ఎవరూ చెప్పలేరు. రెండోది, కొరాపుట్, రాయగడ వైపు వంశపారంపర్యంగా వచ్చే సికిల్ సెల్ రక్తజబ్బు ఉంది. కుటుంబ చరిత్ర చెప్పే వీలు లేని పిల్లకి ఆ పరీక్ష ఫలితం ఫైల్లో తప్పనిసరిగా ఉండాలి.

మేం కోరే కాగితం ఒకే ఒక్క పేజీ, ఒడియాలో రాసినా ఫర్వాలేదు. పాపని ఎక్కువగా చూసుకున్న ఆయా చెప్తుంటే, అప్పగింతకి ముందు వారంలో ఎవరైనా రాయాలి. ఎప్పుడు లేస్తుంది, ఎలా పడుకుంటుంది, లైటు ఉండాలా, వీపు నిమరాలా, ఏది తింటే ఓకరిస్తుంది, దేనికి జడుస్తుంది, ఏ పాటకి ఊరుకుంటుంది, ఆ పాతిక మాటలు. పాప కప్పుకునే దుప్పటి ఉతక్కుండా ఇవ్వాలి. ఉతికితే అందులో పాపకి తెలిసిన వాసన పోతుంది. నెల తిరక్కుండా తెలుగు, ఒడియా రెండూ వచ్చిన కార్యకర్త ఒకరు ఇంటికి రావాలి, కుదరకపోతే ఫోనైనా చేయాలి. వీటిలో వేటికీ కొత్త పథకం అక్కర్లేదు, మీ శాఖ నుంచి దత్తత సంస్థలకి, జిల్లా బాలల సంరక్షణ విభాగాలకి ఒక సర్క్యులరు చాలు.

నమూనా కాగితం నింపి ఒడియా ప్రతికి జతచేశాం. ఆయా ఫోను నంబరు కోసం గడి పెట్టలేదు. గోప్యత నిబంధనలు మాకు తెలుసు. కింద రెండు గీతలు మాత్రం ఖాళీగా వదిలాం, పాపకి ఆవిడ చెప్పాలనుకున్నది ఏదైనా ఉంటే రాయడానికి.

ఇట్లు,
గంజాం, గజపతి, రాయగడ జిల్లాల దత్తత తల్లిదండ్రులు, బాలబడి టీచర్లు