ఐదో ఫిర్యాదు: ఈసారి తలుపు గురించి కాదు, మీ గురించి

కస్టమర్ కేర్ విభాగం వారికి,

నమస్కారం. ముందు రాసిన నాలుగు లేఖలకూ 'మీ అభిప్రాయం మాకెంతో విలువైనది' అని నిమిషంలోపే జవాబొచ్చింది. ఆ తర్వాత ఎవరూ పట్టించుకోలేదు.

కోకాపేటలో మీరు కట్టిన టవర్‌లో మాది 27వ అంతస్తు. ముఖం చూసి తెరుచుకునే మా తలుపు మా అమ్మ ముఖాన్ని గుర్తుపట్టదు. అదంటే యంత్రం, పోనీ. మీకేమైంది?

మొదటిసారి ఫోన్ చేస్తే మీ అమ్మాయి "యాప్‌లో టికెట్ పెట్టండి సార్" అంది. పెట్టాను. సాయంత్రానికల్లా 'పరిష్కారమైంది' అని మెసేజ్! ఎవరొచ్చారని, ఏం చేశారని? అడిగితే ఫెసిలిటీ వాళ్లని కలవమన్నారు. వాళ్లేమో బెంగళూరులోని వెండర్‌ని అడగమన్నారు. వెండరేమో బిల్డర్ నుంచి మెయిల్ రావాలన్నాడు. బిల్డరంటే మీరే. మళ్లీ ఫోన్ చేస్తే అదే అమ్మాయి, అదే మాట: "యాప్‌లో టికెట్ పెట్టండి సార్."

పదకొండు రోజులకు ఒక కుర్రాడొచ్చాడు. "కళ్లజోడు తీయండి, తల ఎత్తండి, కదలకండి" అంటుంటే, 79 ఏళ్ల మనిషి ఆధార్ ఫోటోకి నిలబడ్డట్టు నిలబడింది. తలుపు తెరుచుకోలేదు. "మామ్మగారి ముఖాన్ని సిస్టమ్ తీసుకోవట్లేదు సార్" అని చెప్పి, తలుపు ఫోటో తీసుకుని వెళ్లిపోయాడు. ఆ ఫోటో జతచేసి టికెట్ మళ్లీ మూసేశారు.

పోయిన మంగళవారం అమ్మ గుమ్మం ముందు ముగ్గేయడానికి బయటికొచ్చింది. వెనక తలుపు పడిపోయింది, ఫోన్ లోపలే ఉండిపోయింది. నలభై నిమిషాలు ముగ్గు డబ్బా ఒళ్లో పెట్టుకుని కిందే కూర్చుంది. కదలకపోతే మీ కారిడార్ లైట్లు ఆరిపోతాయి కదా, అందుకని మధ్యమధ్యలో చెయ్యి ఊపుతూ కూర్చుందట. ఎదురింటివాళ్లు చెబితే ఆఫీసు నుంచి మీ ఎమర్జెన్సీ నంబరుకు చేశాను. సంభాషణ రికార్డవుతోందన్నారు. ఒకసారి మీరూ వినండి.

2011లో మియాపూర్‌లో మీ దగ్గరే మొదటి ఫ్లాట్ కొన్నాం. మా తోడల్లుడితోనూ కొనిపించాను. అప్పట్లో నీళ్లు రాకపోతే మీ సైట్ ఇంజనీరు లుంగీ మీదే పరుగెత్తుకొచ్చేవాడు. ఇప్పుడు లాబీ అంతరిక్ష నౌకలా ఉంది, లిఫ్టులో బటన్లు కూడా లేవు, మాట వినే మనిషి అసలే లేడు. మామూలు తాళం, చెవి పెట్టించమంటే డిజైన్ చెడిపోతుందట. 2023లో కోకాపేట వేలంలో ఎకరం 100 కోట్లు దాటిందని సంబరంగా మెసేజ్ పెట్టింది మీరే కదా, ఒక్క తాళంచెవికి డబ్బుల్లేవా?

ఇళ్లు కొన్నవాళ్లను కాపాడే రెరా చట్టం సెక్షన్ 14(3) చదివాను. ఫ్లాట్ అప్పగించిన ఐదేళ్లలోపు లోపం చెబితే 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. నేను చెప్పి 43 రోజులైంది. రెరాకూ వెళ్తాను, వినియోగదారుల కమిషన్‌కూ వెళ్తాను.

అన్నట్టు, ఆదివారం మీ కొత్త టవర్ బుకింగులకు రమ్మని సేల్స్ వాళ్లు రోజూ ఫోన్ చేస్తున్నారు. వాళ్లకు మాత్రం నా నంబరు బాగానే దొరుకుతోంది. తప్పకుండా వస్తాం. మోడల్ ఫ్లాట్ గుమ్మం ముందు అమ్మ ముగ్గేసి కూర్చుంటుంది.

ఇట్లు,
27వ అంతస్తు నుంచి
మీ పాత కస్టమర్